పునాది గోతిలో ఊట పడితే: మోటారా, వెల్‌పాయింటా, పైలా, వేసవి దాకా ఆగడమా?

గోతిలో నీళ్లు ఊరుతున్నాయని ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది ఎన్ని హెచ్‌పీ మోటారు తెప్పించాలి అనే. నేను తిరిగి అడిగేది ఆ నీళ్లు ఏ మట్టిలోంచి వస్తున్నాయి అని. ఆరడుగుల లోతు తవ్వాలి, మూడడుగుల్లో నీళ్లు పడ్డాయి అనుకుందాం. గుడివాడ వైపు బంకమట్టిలో అయితే పూటకోసారి చిన్న మోటారు వేసి తోడుకుంటే పని జరిగిపోతుంది. బాపట్ల, చీరాల వైపు సన్న ఇసుకలో అదే మోటారును రాత్రంతా నడిపితే తెల్లారేసరికి గోతి ఒడ్డుతో పాటు పక్కింటి ప్రహరీ కూడా లోపలికి జారొచ్చు. లోతు అదే, నీటిమట్టం అదే, మట్టి మారింది అంతే. అందుకే ఇక్కడ పద్ధతుల్ని ధర వరసలో పెట్టకుండా మట్టిని బట్టి పోలుస్తాను. ఎక్కువగా కృష్ణా, గోదావరి డెల్టాల్లో కట్టే రెండు మూడు అంతస్తుల ఇళ్ల గురించి, మధ్యలో నల్లరేగడి, హైదరాబాద్ సెల్లార్ల గురించి కొంచెం.

ఏ పద్ధతి అయినా ఎంచుకునే ముందు

జేసీబీ పిలిచే ముందే స్థలంలో ఒక మూల, రేపు పిల్లరు రాని చోట, పరీక్ష గుంత ఒకటి తీయించండి. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, పునాది ఎంత లోతు అనుకుంటున్నారో దానికి ఇంకో రెండడుగులు ఎక్కువ. ఒడ్డులు జారేలా ఉంటే ఎవర్నీ లోపలికి దించొద్దు, పైనుంచే చూడండి. ఒక రోజు వదిలేస్తే నీళ్లు ఎక్కడి దాకా వచ్చి ఆగుతాయో అదే ఆ రోజు మీ నీటిమట్టం. తర్వాత మోటారుతో ఖాళీ చేసి, గడియారం చూసుకుంటూ ఎంత వేగంగా ఊరుతుందో కొలవండి. పది నిమిషాల్లో 30 సెంటీమీటర్లు పెరిగితే 1,200 లీటర్లు వచ్చినట్టు, అంటే గంటకు 7,200 లీటర్లు, అదీ ఒక్క చిన్న గుంతలో. ఇంటి మొత్తానికి తవ్వితే దీనికి కొన్ని రెట్లు వస్తుంది. ఈ లెక్క చేతిలో ఉంటే మోటారు సైజు గురించి ఎవరితోనూ వాదించాల్సిన పని ఉండదు.

గుంత గోడల్ని కూడా పొరలు పొరలుగా చూడండి. చేతిలో పిసికితే సాగుతూ తీగలా చుట్టుకుంటే బంకమట్టి. తడిగా ఉన్నప్పుడు ముద్దలా కనిపించి, అరచేతిలో పెట్టి తడితే పైకి నీళ్లు తేలి మెరిసి, నొక్కితే మళ్లీ ఆరినట్టు అయితే అది సన్న ఒండ్రు, మా వైపు బుసక అనేది ఇంచుమించు ఇదే. అన్నిటికన్నా నేను జంకేది దీనికే, చూడటానికి గట్టిగా నిలబడినట్టే ఉంటుంది, నీళ్లు కదలడం మొదలైతే పాయసంలా పారిపోతుంది.

మూడంతస్తులు వేసేవాళ్లు దీంతో సరిపెట్టుకోకుండా సాయిల్ టెస్ట్ చేయించండి. కనీసం రెండు బోర్లు, డెల్టాలో అయితే పది మీటర్ల లోతు దాకా. రిపోర్టులో ఎస్‌పీటీ ఎన్ విలువ అని ఉంటుంది, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో ఆ అంకె. బంకమట్టిలో నాలుగు కంటే తక్కువ వస్తే మెత్తటి నేల, ఇసుకలో పది కంటే తక్కువ వస్తే వదులు నేల. రిపోర్టు మొదటి పేజీలో ఎస్‌బీసీ (నేల మోయగలిగే బరువు) ఒక్కటి చూసి మూసేసేవాళ్లే ఎక్కువ. నీటిమట్టం ఏ తేదీన కొలిచారో కూడా చూడండి. మే నెలలో 12 అడుగుల లోతున ఉన్న నీరు నవంబరులో నాలుగడుగుల లోతుకు రావొచ్చు. ఇసుక నేలలో నీళ్లు ఫుటింగ్ (పిల్లరు కింద వెడల్పుగా పోసే కాంక్రీటు దిమ్మె) అడుగు దాకా వస్తే ఆ నేల మోయగలిగే బరువు దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి వేసవిలో చేసిన టెస్ట్ చూసి డిజైన్ చేసే ఇంజినీరు వర్షాకాలపు మట్టాన్ని లెక్కలోకి తీసుకున్నాడో లేదో అడగండి. పక్కవాళ్ల నుయ్యి ఉంటే ఇంకా మంచిది, కార్తీకంలో నీళ్లు ఎక్కడి దాకా వస్తాయో ఇంట్లో పెద్దవాళ్లు చేత్తో చూపిస్తారు.

ఆగడం, లేదా పైకి జరగడం

నీళ్లతో పోరాడటం కన్నా నీళ్లు లేనప్పుడు తవ్వుకోవడం చవక. డెల్టాలో కాలువలు కట్టేసిన తర్వాత, ఏప్రిల్, మే నెలల్లో భూమిలో నీళ్లు బాగా దిగుతాయి. జూన్‌లో కాలువలకు నీళ్లు వదలగానే, వాన చుక్క పడకపోయినా, కాలువకు దగ్గరున్న స్థలాల్లో ఊట మొదలవుతుంది. తొలకరికి ముందే పునాది లేచి, గోతులు పూడ్చి, ప్లింత్ బీము (నేలమట్టం దగ్గర పిల్లర్లను కలిపే బీము) పడిపోవాలి అన్న లెక్కతో ప్లాన్ అప్రూవల్, లోన్ పనులు సంక్రాంతి నాటికే మొదలుపెట్టుకుంటే చాలామందికి మోటారు గొడవే ఉండదు. ముహూర్తం శ్రావణంలో ఉందంటే శంకుస్థాపన అప్పుడు చేసుకోండి, ఎవరూ కాదనరు, తవ్వకాన్ని మాత్రం వేసవికి పెట్టుకోండి.

రెండో దారి ఇంటిని పైకి జరపడం. భారత ప్రమాణం ఐఎస్ 1904 ప్రకారం పునాది కనీస లోతు 50 సెంటీమీటర్లే. మనవాళ్లు అలవాటుగా ఐదడుగులు, ఆరడుగులు పోతారు. పైపొర గట్టిగా ఉండి కింద మెత్తటి అడుసు ఉన్న చోట లోతుకు పోయేకొద్దీ నష్టమే, పైన ఉన్న గట్టి పెంకును మనమే పగలగొట్టి నీళ్లలోకి దిగినట్టు అవుతుంది. అలాంటి చోట సొంత నేల మీదే మూడడుగుల లోతులో వెడల్పాటి ఫుటింగులు వేసి, చుట్టూ మెరక తోలించి, ఇంటి ఎత్తు పెంచుకోవడం మేలు. ఇది పొంగే గుణం లేని నేలకే, నల్లరేగడి సంగతి తర్వాత చెప్తాను.

ఇందులో రెండు చిక్కులున్నాయి. మెరక తోలిన మట్టి మీద ఫుటింగ్ పెట్టకూడదు, ఎన్ని సార్లు రోలరు తిప్పామని చెప్పినా సరే. రెండోది, మెరక కూడా బరువే. ఐదడుగుల మెరక అంటే చదరపు మీటరుకు రెండున్నర టన్నుల పైమాట, కింద మెత్తటి బంకమట్టి ఉంటే ఆ బరువుకు ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. కాబట్టి స్థలం కొన్నాక ఇల్లు ఎప్పుడో కడతాం అనుకుంటే మెరక మాత్రం ముందే తోలించేయండి, ఒకటి రెండు వర్షాకాలాలు దాని మీదుగా పోనివ్వండి.

గుంత తీసి మోటారు పెట్టడం

అందరికీ తెలిసిన పద్ధతి ఇదే. తవ్వకం అడుగున ఒక మూల ఇంకో రెండు మూడడుగులు లోతుగా సంప్ తీసి, అందులో బెజ్జాలు పెట్టిన సిమెంటు ఒర దించి, చుట్టూ చిప్స్ పోసి, గోడల వెంట చిన్న కాలువలు తీసి నీళ్లన్నీ అక్కడికి చేరేలా చేసి తోడేయడం. బంకమట్టిలో, మొరంలో, గట్టి ఎర్రనేలలో ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. ఐదు హెచ్‌పీ డీజిల్ ఇంజను గంటకు సుమారు లీటరు పైచిలుకు తాగుతుంది, కరెంటు మోటారు అయితే ఖర్చు తక్కువ కానీ రాత్రి కరెంటు పోతే టెన్షన్, అందుకే రెండూ సైటులో ఉండాలి. గట్టు మీద పెట్టే మోటారు ఆరేడు మీటర్ల కంటే లోతు నుంచి నీళ్లు పీల్చలేదు, అది ఏ కంపెనీ మోటారు అయినా అంతే, గాలి ఒత్తిడికి ఉన్న హద్దు అది. అంతకంటే లోతైతే నీళ్లలో మునిగే సబ్‌మెర్సిబుల్ వేయాల్సిందే.

సన్న ఇసుకలో, బుసకలో మాత్రం ఈ పద్ధతి వద్దు. గోతి లోపల నీళ్లు తగ్గించేసరికి బయట ఎత్తులో ఉన్న నీళ్లు గోతి అడుగు నుంచి పైకి తోసుకొస్తాయి. ఒక మీటరు ఇసుక పొర గుండా సుమారు మీటరు నీటి ఎత్తు తేడాతో పైకి తోస్తే ఇసుక రేణువులు ఒకదాన్నొకటి వదిలేసి ఉడుకుతున్నట్టు తేలతాయి. అప్పటిదాకా నిలబడ్డ మనిషి మోకాలి దాకా దిగిపోతాడు. ఇలా జరుగుతోందని తెలుసుకోవడానికి పైపు చివర చూస్తే చాలు. మొదటి గంట బురద నీళ్లు రావడం మామూలే, ఆ తర్వాత తేటగా రావాలి. బకెట్లో పట్టి పక్కన పెడితే అడుగున ఇసుక పేరుకుంటూ, రెండో రోజూ మూడో రోజూ అలాగే ఉంటే, ఆ ఇసుక మీ ఫుటింగుల కింద నుంచో పక్కింటి పునాది కింద నుంచో వస్తున్నట్టే. అప్పుడు ఇంకో మోటారు జోడించడం అన్నిటికన్నా చెడ్డ పని. ఆపేసి, గోతిలో నీళ్లు మళ్లీ మామూలు మట్టానికి రానిచ్చి, వేరే పద్ధతికి మారండి. నీళ్లు నిండిన గోతి చూడటానికి బాగోదు, కానీ ఒడ్డుల్ని ఆపేది కూడా ఆ నీళ్లే.

వెల్‌పాయింట్లు

సన్న ఇసుకకు సరైన జవాబు ఇది. చివర జల్లెడ ఉన్న ఒకటిన్నర, రెండంగుళాల గొట్టాల్ని గోతి చుట్టూ మీటరు, రెండు మీటర్ల ఎడంలో నీటి ఒత్తిడితో భూమిలోకి దించి, పైన అన్నిటినీ ఒక పెద్ద గొట్టానికి కలిపి, వాక్యూమ్ పంపుతో పీలుస్తారు. నీళ్లు గోతిలోకి రాకముందే, పక్కనే ఆగిపోతాయి. జల్లెడ, దాని చుట్టూ పోసే ముతక ఇసుక మట్టిని ఆపుతాయి కాబట్టి బయటికి తేట నీళ్లే వస్తాయి. గోతి అడుగు నడిచే నేలలా ఆరి ఉంటుంది, కడ్డీలు కట్టేవాళ్లు చెప్పులతో తిరగొచ్చు. మొదటిసారి చూసినవాళ్లు నమ్మరు.

పీల్చే పద్ధతి కాబట్టి ఒక వరసకు ఐదారు మీటర్లకు మించి దిగదు, ఆ పైన అయితే మెట్టు తీసి రెండో వరస వేయాలి. తవ్వకానికి రెండు మూడు రోజుల ముందే నడపడం మొదలుపెట్టాలి. ఒకసారి మొదలుపెట్టాక కాంక్రీటు పడి గట్టిపడే దాకా ఒక్క పూట కూడా ఆపకూడదు, కాబట్టి రెండో పంపు సిద్ధంగా ఉండాలి. బంకమట్టిలో ఇది డబ్బు దండగ, ఆ మట్టి నీళ్లను వదలదు. అద్దె రోజుల లెక్కన ఉంటుంది కాబట్టి గోతులు ఒక వారం, కడ్డీలు ఇంకో వారం అని సాగదీస్తే వాచిపోతుంది. కడ్డీలు ముందే వంచి, షట్టరింగ్ సైటులో దించి, మనుషుల్ని మాట్లాడుకుని అప్పుడు పంపు ఆన్ చేయించండి. అలా చేస్తే మూడు మోటార్లు రాత్రింబవళ్లు నడిపి డీజిల్ పోసిన ఖర్చుతో పోల్చినా పెద్ద తేడా ఉండదని నా అభిప్రాయం. జారిన ఒడ్డుల్ని మళ్లీ మళ్లీ తీయించే జేసీబీ అద్దెను ఎవరూ లెక్కలో వేయరు.

విజయవాడ, రాజమహేంద్రవరం లాంటి చోట్ల ఏటి ఒడ్డు ముతక ఇసుకలో సెల్లారు తవ్వాలంటే ఇవి కూడా చాలవు. చుట్టూ బోర్లు వేసి సబ్‌మెర్సిబుళ్లతో తోడాలి, లేదా షీట్ పైళ్లో (వరసగా దిగ్గొట్టే ఇనుప పలకలు) డయాఫ్రమ్ గోడో (భూమిలోపల పోసే కాంక్రీటు గోడ) కట్టి నీళ్లకు అడ్డం పెట్టాలి. ఆ గోడ కింద నీళ్లు జారనివ్వని పొరలో దిగకపోతే నీళ్లు అడుగు నుంచి తిరిగి లోపలికే వస్తాయి. పోలవరంలో 2025 జనవరిలో మళ్లీ మొదలుపెట్టిన డయాఫ్రమ్ గోడ ఏటి ఇసుక గుండా వచ్చే నీటిని ఆపడానికే, సూత్రం అదే, కొలత వేరు. సొంత ఇంటికి మాత్రం ఇది మాట్లాడుకోవాల్సిన విషయం కాదు. రెండొందల గజాల్లో, ఏటి పక్కన సెల్లారు కావాలని పట్టుబట్టేవాళ్లకు నేనిచ్చే సలహా సెల్లారు మానేసి స్టిల్టు (నేల మీదే పిల్లర్ల మధ్య పార్కింగుకు ఖాళీ వదలడం) వేసుకోమని.

పైన బంక, కింద ఇసుక

దీన్ని విడిగా చెప్పాలి, ఎందుకంటే గోతి పొడిగా ఉన్నప్పుడే ప్రమాదం తయారవుతుంది. డెల్టాలో చాలా చోట్ల పైన బంకమట్టి, దాని కింద నీళ్లు నిండిన ఇసుక ఉంటాయి. నాలుగు మీటర్ల దాకా బంక ఉందనుకోండి, ఆ ఇసుకలోకి బోరు వేస్తే నీళ్లు పైకి లేచి నేలకు ఒక మీటరు కింద ఆగుతాయనుకోండి. అంటే బంక పొర అడుగున మూడు మీటర్ల నీటి ఒత్తిడి, చదరపు మీటరుకు మూడు టన్నులు, పైకి తోస్తూ ఉంది. మీరు రెండున్నర మీటర్లు తవ్వితే మిగిలేది మీటరున్నర బంక, బరువు సుమారు 2.7 టన్నులు. తోసేది మూడు, అదిమేది 2.7. గోతి అడుగు ఉబ్బి, చీలి, నీళ్లు ఇసుకతో సహా చిమ్ముతాయి. అదే రెండు మీటర్ల దగ్గర ఆపితే 3.6 టన్నుల బంక మిగిలి గట్టెక్కుతారు. ఇంకో అడుగు లోతుకు పోదాం మేస్త్రీ అనే ముందు ఈ లెక్క వేసుకోండి. బోరు రిపోర్టు లేకుండా ఈ లెక్క వేయలేం. లోతుగానే పోవాల్సి వస్తే కింది ఇసుకలోకి బోర్లు వేసి అక్కడి ఒత్తిడి ముందు తగ్గించాలి.

అసలు తవ్వకుండా: ర్యాఫ్టు, పైళ్లు

మూడు శ్లాబుల ఇంట్లో, పన్నెండడుగుల ఎడంలో ఉన్న మధ్య పిల్లరు మీద సుమారు 45 నుంచి 50 టన్నుల బరువు పడుతుంది. నేల చదరపు మీటరుకు పది టన్నులు మోస్తే ఏడు, ఏడున్నర అడుగుల చదరపు ఫుటింగు సరిపోతుంది. ఐదు టన్నులే మోస్తే పదడుగుల పైన కావాలి, అంటే పక్క ఫుటింగులకు దాదాపు తగిలేస్తాయి. ఫుటింగులన్నీ కలిపి ఇంటి అడుగు వైశాల్యంలో సగం దాటాయంటే ర్యాఫ్టుకు, అంటే ఇంటి అడుగంతా పరిచే ఒకే కాంక్రీటు పలకకు, పోవడమే మేలు. ఊట ఉన్న స్థలంలో ర్యాఫ్టుకు ఇంకో సుఖం ఉంది, తక్కువ లోతులో ఒకే తవ్వకం, ఒకే పీసీసీ (అడుగున పరిచే కడ్డీలు లేని కాంక్రీటు), ఒకసారి పోత. విడివిడి ఫుటింగుల్లో పది గోతుల్లో పది సార్లు నీళ్లు తోడుకోవాలి.

భీమవరం, కాకినాడ వైపు మెత్తటి సముద్రపు బంక ఎక్కువ లోతు ఉన్న చోట ర్యాఫ్టు కూడా మొత్తంగా కుంగుతుంది, ఒక పక్క ఎక్కువ కుంగితే ఇల్లు ఒరుగుతుంది. అక్కడ పైళ్లే, అంటే బోరు తీసి లోతుగా పోసే కాంక్రీటు స్తంభాలు. పైలుకు గోయి తీయక్కర్లేదు, నీళ్లు తోడక్కర్లేదు, పైల్ క్యాపులు (పైళ్ల తలల మీద పోసే దిమ్మెలు) రెండు మూడడుగుల్లోనే అయిపోతాయి. కానీ పైలు వేసేటప్పుడు లోపల ఏం జరిగిందో ఎవరికీ కనపడదు, చవకగా వేసేవాళ్లు తప్పించుకునేది అక్కడే. బోరు గోడలు కూలకుండా బెంటొనైట్ అనే బంకమట్టి కలిపిన నీళ్లు ఉండాలి, పోసే ముందు అడుగున పేరుకున్న బురద కడిగేయాలి, కాంక్రీటును పైనుంచి తట్టలతో గుమ్మరించకుండా అడుగు దాకా దించిన ట్రెమీ గొట్టంతో పోయాలి. ఐఎస్ 2911 ఇలాంటి పైలుకు ఘనపు మీటరుకు కనీసం 400 కిలోల సిమెంటు, ఎం25 గ్రేడు అడుగుతుంది. స్లంప్ 150 నుంచి 180 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే జారుగా పారాలి. మీరు దగ్గరుండి చూడగలిగింది ఒకటే, లెక్క ప్రకారం ఆ బోరుకు ఎంత కాంక్రీటు పట్టాలో, నిజంగా ఎంత పట్టిందో. తక్కువ పట్టిందంటే మధ్యలో ఎక్కడో మట్టి కూలి పైలు సన్నబడిందన్న మాట. పైళ్లు వేశాక కొత్తగా మెరక తోలితే ఆ మెరకతో పాటు కుంగే మట్టి పైలును కూడా కిందికి లాగుతుంది, కాబట్టి మెరక ముందు, పైళ్లు తర్వాత.

నల్లరేగడి

గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి వేరే కథ. అక్కడ నీళ్లు ఉండటం కంటే నీళ్లు వస్తూ పోతూ ఉండటమే బాధ. తడిస్తే పొంగుతుంది, ఎండితే చేయి పట్టేంత నెర్రెలు ఇస్తుంది. పొంగే గుణం ఎంతో ఇంట్లోనే ఉజ్జాయింపుగా తెలుసుకోవచ్చు: మెత్తగా పొడి చేసి జల్లించిన మట్టి పది గ్రాములు నీళ్ల గాజు సీసాలో, ఇంకో పది గ్రాములు కిరసనాయిల్లో వేసి, ఒక రోజు తర్వాత రెండు మట్టాలూ పోల్చండి. నీళ్లలోది సగం కంటే ఎక్కువ పెరిగి కనిపిస్తే మామూలు ఫుటింగులతో సరిపెట్టుకోవద్దు.

ఇక్కడ దారులు మూడు. పొర తక్కువ మందం ఉంటే మొత్తం తీసేసి కింద మొరం మీద కూర్చోవడం, అన్నిటికన్నా నిశ్చింత. పొర ఎక్కువ ఉంటే అండర్ రీమ్డ్ పైళ్లు, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ సీబీఆర్‌ఐ మన దేశపు నల్లరేగడి కోసం తీర్చిదిద్దిన పద్ధతి. అడుగున పైలు వ్యాసానికి సుమారు రెండున్నర రెట్ల ఉబ్బు ఉంటుంది, కనీసం మూడున్నర మీటర్ల లోతుకు పోవాలి, ఎందుకంటే ఎండా వానా ప్రభావం అక్కడిదాకా ఉంటుంది. ప్లింత్ బీము కింద మూడంగుళాల ఖాళీ వదలాలి, మట్టి పొంగితే బీముకు తగలకుండా. ఆ ఖాళీని మేస్త్రీ ముచ్చటపడి ఇసుకతో పూడ్చేస్తాడు, చూసుకోండి. మూడో దారి, ఫుటింగు కింద కొంత లోతు రేగడి తీసి, పొంగని గరప మట్టి లేదా మొరం పొరలు పొరలుగా దిమ్మిస చేసి వేయడం. ఇసుక మాత్రం వేయొద్దు, చుట్టూ బంక, మధ్యలో ఇసుక అంటే వాన నీటికి తొట్టి కట్టి ఇచ్చినట్టే. డెల్టాలో ఊట ఉన్న మెత్తటి మట్టికి అండర్ రీమ్డ్ పనికిరాదు, ఆ ఉబ్బు నిలబడదు, పైన కూలిపోతుంది.

హైదరాబాద్

ఇక్కడ గ్రానైట్, దాని మీద మొరం, ఊట ఎక్కువగా ఆ రెండిటి మధ్య సందులోంచీ రాతి పగుళ్లలోంచీ వస్తుంది. చుట్టూ కాలువ, ఒక సంప్, రెండు సబ్‌మెర్సిబుళ్లు చాలు. సమస్య నీటి పరిమాణం కంటే ఒడ్డులదే. వేసవిలో నిటారుగా తవ్విన మొరం గోడ గోడలాగే నిలబడుతుంది, మొదటి పెద్ద వానకు పెళ్ళలు పెళ్ళలుగా విరిగిపడుతుంది. రెండు సెల్లార్ల లోతు తవ్వి డబ్బులు అందక వర్షాకాలం దాకా వదిలేసిన గోతులే పక్క రోడ్లను మింగేది. అలా ఆగేట్టుంటే సాయిల్ నెయిలింగ్ (ఒడ్డులోకి కడ్డీలు దించి బిగించడం), షాట్‌క్రీట్ (గోడ మీద చిమ్మే కాంక్రీటు) చేయించి ఆపండి, లేదా తవ్వకమే మొదలుపెట్టకండి. చెరువు దిగువనో, పూడిపోయిన కుంట పక్కనో స్థలం అయితే సెల్లారు శ్లాబు కింద నీటి తోపుకు డిజైన్ చేశారా అని విడిగా అడగాలి.

మోటారు ఎప్పుడు ఆపాలి

ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది, ఎందుకంటే కాంక్రీటు పడగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. పచ్చి కాంక్రీటు గుండా నీళ్లు పారితే సిమెంటు పాలు కొట్టుకుపోయి కంకర మిగులుతుంది. పోసేటప్పుడు నీటిమట్టం పీసీసీ అడుగు కంటే కనీసం అడుగున్నర కింద ఉండాలి, పోశాక కనీసం ఒక రోజు అలాగే ఉంచాలి. తోడిన నీళ్లతోనే కాంక్రీటు కలిపేయడం డెల్టా చివర ఊళ్లలో మామూలే. ఆ నీళ్లు ఉప్పగా ఉంటే కడ్డీలు తుప్పు పడతాయి. ఐఎస్ 456 ప్రకారం కడ్డీలున్న కాంక్రీటుకు వాడే నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, ల్యాబులో ఈ పరీక్షకు పెద్ద ఖర్చేమీ కాదు. చవుడు నేలల్లో సల్ఫేటు కూడా చూపించి, అవసరమైతే స్లాగ్ సిమెంటు వాడండి.

నీళ్లు నిల్వ చేసే సంప్, సెప్టిక్ ట్యాంక్, సెల్లారు విషయంలో ఇంకో లెక్క ఉంది. బయట కొలతలు మూడు మీటర్లు చదరం, రెండు మీటర్ల ఎత్తు ఉన్న ఖాళీ సంప్, ఆరంగుళాల గోడలు, ఆరంగుళాల అడుగు, ఐదంగుళాల పైకప్పు అయితే బరువు 13, 14 టన్నులు. వర్షాకాలంలో నీళ్లు నేలమట్టం దాకా వస్తే పైకి తోసేది 18 టన్నులు. అంటే అది పడవ. అడుగు శ్లాబును గోడల బయటికి అడుగు వెడల్పు పొడిగించి దాని మీద మట్టి కూర్చోబెట్టడమో, అడుగు మందం పెంచడమో ముందే చేయాలి. పోశాక పూడ్చకుండా ఖాళీగా వదలొద్దు, అంతగా అయితే నీళ్లతో నింపి ఉంచండి.

సగంలో ఆగిన పునాదుల గురించి కూడా అడుగుతుంటారు. అమరావతిలో సచివాలయం, హైకోర్టు భవనాల కోసం పోసిన ర్యాఫ్టులు ఏళ్ల తరబడి నీళ్లలో ఉండిపోయి, 2024లో ఐఐటీ మద్రాసు నిపుణులు వచ్చి చూశాక గానీ పని ముందుకు కదల్లేదు. మంచి కాంక్రీటుకు నీళ్లలో మునిగి ఉండటం వల్ల పెద్ద హాని లేదు. పైకి తేలిన కడ్డీలు, నీటిమట్టం పెరుగుతూ తగ్గుతూ ఉండే గీత దగ్గర, తుప్పు పడతాయి. ఆపాల్సి వస్తే కడ్డీలకు సిమెంటు పాలు పూసి, పలచటి కాంక్రీటుతో కప్పి ఆపండి.

పక్కిల్లు, పనివాళ్లు, ఒప్పందం

నీటిమట్టాన్ని ఒక మీటరు దించితే కింది మట్టి మీద చదరపు మీటరుకు ఒక టన్ను బరువు అదనంగా పడుతుంది. మూడు మీటర్లు దించితే మూడు టన్నులు, ఇంచుమించు రెండు అంతస్తుల బరువు, మీ స్థలంలోనే కాదు పక్కింటి కింద కూడా. మెత్తటి బంక అయితే వారాల తరబడి తోడటం వల్ల పక్కింటికి బీటలు రావొచ్చు. కాబట్టి మొదలుపెట్టే ముందే పక్కవాళ్లతో కలిసి ఉన్న పగుళ్లన్నిటికీ తేదీతో ఫొటోలు తీసుకోండి. తోడిన నీళ్లను వాళ్ల గోడ పక్క గుంతలో తిరిగి ఇంకనిస్తే కొంత కాపాడుకోవచ్చు.

ఐదడుగుల లోతు, అంటే మీటరున్నర దాటితే మనిషిని ఊరికే దించకూడదు. ఒడ్డుకు వాలు ఇవ్వాలి, చోటు లేకపోతే సరుగుడు బొంగులు, పలకలతో అదిమి పట్టాలి. ఇసుక బస్తాలు మట్టిని ఆపుతాయి, నీళ్లను ఆపవు. తీసిన మట్టిని ఒడ్డు మీదే గుట్ట పోయడం మనకు అలవాటు, కనీసం మీటరున్నర దూరం పోయించండి. 2009 జూన్‌లో షాంఘైలో పదమూడంతస్తుల భవనం ఒకటి ఉన్నపళంగా పక్కకు పడిపోయింది. ఒక పక్క గ్యారేజీ కోసం 4.6 మీటర్లు తవ్వి, ఆ మట్టిని రెండో పక్క సుమారు పది మీటర్ల ఎత్తున పోశారు. కింద పైళ్లు ఉన్నా విరిగిపోయాయి.

చివరిగా కాగితం. నీళ్లు తోడే పనిని గంటకింత అని మాట్లాడుకుంటే ఎన్ని గంటలు నడిపితే వాళ్లకు అంత లాభం. ఫలానా లోతు వరకు పొడిగా ఉంచి అప్పగించాలి, ఫలానా తేదీ దాకా అలా ఉంచాలి అని రాయించుకోండి. డీజిల్ ఎవరిది, రెండో పంపు ఎవరు తేవాలి, రాత్రి కాపలా ఎవరు, తోడిన నీళ్లు ఏ కాలువలోకి వదలాలి, పైపులోంచి ఇసుక వస్తే పని ఆపే హక్కు ఎవరికుంది, ఈ ఐదూ అందులో ఉండాలి. వెల్‌పాయింట్ల వాళ్లయితే గొట్టాలు దించే రోజు, పీకే రోజు అద్దెలో కలుస్తాయా లేదా అన్నది కూడా.